పల్లె ఇండ్లలో వంటగ్యాసు: వాడుకలో జాగ్రత్తలు



మన పల్లెలలో పొయ్యి మారినది. 1950ల నడుమ బొంబాయి నగరములో కొద్ది ఇండ్లకు మాత్రమే అందిన వంటగ్యాసు నేడు మారుమూల గ్రామములలోని పూరిండ్లకు సైతము చేరినది. 1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన దీపం పథకము, 2016 మే 1వ తేదీన ఉత్తరప్రదేశ్‌లోని బల్లియాలో ఆరంభమైన ఉజ్జ్వల పథకము దీనికి ముఖ్యముగా తోడ్పడినవి. తెల్లవారక మునుపే పుల్లలు ఏరుకొని, పొగలో కండ్లు నులుముకొనుచు వంటచేసిన తల్లులకు ఇది గొప్ప మేలు. ఇందులో సందేహము లేదు.

అయితే పొయ్యి మారినంత త్వరగా మన అలవాట్లు మారలేదు. కట్టెల పొయ్యి దగ్గర మనకు తెలిసిన జాగ్రత్తలన్నియు కంటికి కనబడు మంటను గురించినవి. నిప్పు ఆరినదో లేదో చూచుట, గాలి వీచునపుడు రవ్వలు లేవకుండ నీళ్లు చల్లుట, గడ్డివామికి దూరముగ పొయ్యి పెట్టుట, ఇవి మన పెద్దలు నేర్పినవే. గ్యాసుతో వచ్చు ప్రమాదము అట్టిది కాదు. మంట పుట్టక ముందే, కంటికి కనబడకుండ, నేలమీద ప్రాకుచు అది ఇల్లంతయు నిండియుండును. ఎండకాలములో తాటాకు ఇండ్ల వరుసలో ఒక ఇంట నిప్పు పుట్టినచో పక్క ఇండ్లు, పశువుల పాకలు, గడ్డివాములు, గాదెలలోని గింజలు కూడ గంటలో బూడిదయగుట మనము ఎరుగనిది కాదు. ఏడాది కష్టము అంతయు పోవును. కావున ఈ క్రొత్త పొయ్యికి తగిన జాగ్రత్తలు ఇంటిల్లిపాదియు నేర్చుకొనవలెను.

గ్యాసు స్వభావము

మనము బండ అని పిలుచు సిలిండరులో ఉన్నది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. దీనిని ఒత్తిడితో ద్రవముగ మార్చి నింపుదురు. బండను కదిపినపుడు లోపల నీళ్లవలె తొణుకునది ఈ ద్రవమే. ఇది బయటికి వచ్చినపుడు సుమారు 250 రెట్లు వ్యాకోచించి వాయువగును. ఒక లీటరు ద్రవము అనగా సుమారు అర కిలో బరువు. అది కారినచో 250 లీటర్ల వాయువగును. గాలిలో నూటికి 2 పాళ్లు మొదలు 9 పాళ్ల వరకు ఈ వాయువు కలిసియున్నపుడు చిన్న రవ్వ తగిలినను భగ్గుమనును. ఈ లెక్కన ఒక లీటరు ద్రవము 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుగల వంటగదిని మొత్తము అంటుకొను స్థితికి తేగలదు. ఇంటి వాడుక బండలో 14.2 కిలోల గ్యాసు ఉండును. దీనినిబట్టి కొద్దిపాటి కారుడును కూడ ఎందుకు ఉపేక్షింపరాదో గ్రహింపగలరు.

ఈ వాయువునకు సహజముగ వాసన లేదు. కారినపుడు మనకు తెలియుటకై కుళ్లిన కూరగాయల వంటి ఘాటైన వాసనగల మందును కొద్దిగ కలుపుదురు. కావున ఆ వాసన వచ్చినచో గ్యాసు కారుచున్నదని తెలిసికొనవలెను. జలుబు చేసినవారికి, ముసలివారికి వాసన సరిగా తెలియకపోవచ్చును. వారు ఒంటరిగ వంటచేయునపుడు ఇంటిలోని మరియొకరు కనిపెట్టి చూచుచుండుట అవసరము.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఈ గ్యాసు గాలికంటె సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. పొగవలె పైకి పోదు, నేలకు దిగును. నీరు పల్లమెరుగునను సామెత మీకు తెలిసినదే. గ్యాసు కూడ అట్లే పల్లమును వెదకికొని పోవును. మడిలో పెట్టిన నీరు గట్టు అడ్డమున్నంతవరకు నిలిచియుండి, గండి దొరకగానే ప్రక్క మడిలోనికి పారును గదా! మన పాత ఇండ్లలో గడపలు ఎత్తుగ ఉండును. తలుపు తీసియున్నను గ్యాసు ఆ గడప లోపల, మడిలో నీరువలె నిలిచియుండగలదు. మెట్లు దిగి పోవు గది, గింజలు దాచు పాతర, నీటి తొట్టి గుంట, మురుగు కాలువ, ఇవన్నియు గ్యాసు చేరు పల్లములే. పొలమునకు నీరు పెట్టుట తెలిసిన రైతుకు దీనిని వేరుగ బోధింపనక్కరలేదు. మీ వంటగదిలో ఒక బిందె నీరు కుమ్మరించినచో ఎటు పారునో, ఎక్కడ నిలుచునో ఒక్కసారి ఊహించి చూడుడు. గ్యాసు కూడ ఇంచుమించు అచ్చటికే చేరును.

వంటగది ఏర్పాటు

పైన చెప్పిన స్వభావమునుబట్టి వంటగదిని ఏర్పరచుకొనవలెను.

బండను ఎప్పుడును నిలువుగనే ఉంచవలెను. పడుకోబెట్టినచో వాయువునకు మారు ద్రవమే గొట్టములోనికి వచ్చి మంట ఒక్కసారిగా ఎగయును. గుంటలోగాని, గాలి ఆడని అలమారలోగాని బండను ఉంచరాదు. నేల మట్టమున, కిటికీకిగాని తలుపునకుగాని దగ్గరగ ఉంచుట మంచిది. పొయ్యిని బండకంటె ఎత్తున, రాతి గట్టు మీద పెట్టవలెను. నేల మీద కూర్చుండి వండు అలవాటుగలవారు పొయ్యిని బండ ప్రక్కనే నేలమీద ఉంచుచుందురు. కారిన గ్యాసు నేలనంటియే ఉండును గనుక ఇది చాల ప్రమాదకరము. రెండు అడుగుల ఎత్తున చిన్న గట్టు కట్టించుకొనుటకు అగు ఖర్చు స్వల్పము.

గోడకు పైన ఉన్న కిటికీ ఒక్కటే చాలదు. గోడ అడుగున, నేలకు ఆనుకొని, బయటి వైపునకు ఒక చిన్న జాలీ రంధ్రము పెట్టించవలెను. మడికి తూము ఎట్టిదో వంటగదికి ఈ రంధ్రము అట్టిది. ఎలుకలు వచ్చునని దీనిని గుడ్డలతో మూయరాదు. సన్నని ఇనుప వల బిగించిన సరిపోవును.

ఒకే గదిలో కట్టెల పొయ్యి, గ్యాసు పొయ్యి రెండును ఉంచరాదు. చాల ఇండ్లలో నీళ్లు కాచుకొనుటకు కట్టెల పొయ్యి వాడుచున్నారు. దానిని పెరటిలోనికి మార్చవలెను. దేవుని దీపము వంటగదిలో ఉన్న ఇండ్లు పెక్కు కలవు. దీపమునకు వేరొక చోటు చూచుకొనుట మేలు. మంచులపెట్టె, అనగా ఫ్రిజ్, వంటగదిలో ఉంచరాదు. అది తనంతట తాను ఆగుచు, తిరుగుచు ఉండుటచే లోపల చిన్న రవ్వ పుట్టవచ్చును. తాటాకు లేక గడ్డి కప్పుగల ఇంటిలో పొయ్యికి పైభాగమున కప్పునకు క్రిందుగ రేకు అమర్చుకొనవలెను. పొయ్యి దగ్గర ఆకులు వ్రేలాడకుండ కత్తిరించి వేయవలెను.

బండ తీసికొనునపుడు చూడవలసినవి

బండ ఇంటికి వచ్చినపుడు నాలుగు సంగతులు చూచి తీసికొనవలెను.

మొదటిది బరువు. ఖాళీ బండ బరువు దాని మీదనే చెక్కియుండును. దానికి 14.2 కిలోలు కలిపినచో మొత్తము రావలెను. ఉదాహరణకు ఖాళీ బరువు 15.4 అని ఉన్నచో నిండు బండ 29.6 కిలోలు తూగవలెను. తూచి చూపుమని తెచ్చిన మనిషిని అడుగుట మీ హక్కు.

రెండవది గడువు. బండ పైనున్న పట్టుకొను వలయమును బండకు అతికించిన పట్టీల లోపలి వైపున ఒక ఇంగ్లీషు అక్షరము, రెండు అంకెలు ఉండును. ఏ అనగా మార్చి ఆఖరు, బి అనగా జూన్ ఆఖరు, సి అనగా సెప్టెంబరు ఆఖరు, డి అనగా డిసెంబరు ఆఖరు. అంకెలు సంవత్సరమును తెలుపును. బి 28 అని ఉన్నచో ఆ బండను 2028 జూన్ ఆఖరులోగా తిరిగి పరీక్షింపవలెనని అర్థము. గడువు దాటిన బండను తీసికొనవద్దు.

మూడవది మూత, సీలు. ఇవి చెదరకుండ ఉండవలెను. మూతను దారముతో బండకు కట్టియుంచుదురు. ఆ మూతను పారవేయకూడదు. ఎప్పుడైన వాల్వు దగ్గర కారినచో దానిని బిగించుటయే మొదటి ఉపాయము.

నాలుగవది వాల్వు లోపలి నల్లని రబ్బరు వలయము. ఇది లేకున్నను, చిట్లియున్నను గ్యాసు కారును. తెచ్చిన మనిషి ఎదుటనే సీలు విప్పించి చూచుకొనవలెను.

రెగ్యులేటరు బిగించిన పిదప సబ్బు నీటిని అతుకుల మీద పూసి చూడవలెను. బుడగలు లేచినచో కారుచున్నదని తెలియును. అగ్గిపుల్ల గీచి పరీక్షించు దురలవాటు కొందరికి కలదు. దానిని వెంటనే మానవలెను.

నిత్యము వాడునపుడు

వంటగదిలోనికి పోగానే దీపపు స్విచ్చి వేయక మునుపు వాసన చూచుట అలవాటు చేసికొనవలెను. పొయ్యి వెలిగించునపుడు ముందు అగ్గిపుల్ల గీచి, పిమ్మట మీట త్రిప్పవలెను. లైటరు వాడువారు మీట త్రిప్పిన క్షణముననే నొక్కవలెను. రెండు మూడు సార్లు నొక్కినను అంటుకొననిచో మీట కట్టి, కొంచెము సేపు ఆగి, తిరిగి ప్రయత్నింపవలెను.

పాలు, గంజి పొంగి మంట ఆరిపోవుట మన ఇండ్లలో నిత్యము జరుగునదే. మంట ఆరినను గ్యాసు వచ్చుచునే యుండును. కావున పొయ్యి మీద పాలు పెట్టి గేదెను పితుకుటకో, కొట్టమునకో పోరాదు. ఎంత తొందర పనియైనను మీట కట్టియే పోవలెను. చీర కొంగు నడుమునకు దోపుకొని, నూలు బట్టలతో వంటచేయుట మంచిది. నైలాను బట్టలు కరగి ఒంటికి అంటుకొనును.

రాత్రి పడుకొనబోవు ముందును, పొలమునకు పోవు ముందును పొయ్యి మీటను మాత్రమే గాక బండ మీది రెగ్యులేటరును కూడ కట్టవలెను. పొయ్యి మీట ఒక్కటే కట్టినచో గొట్టములో గ్యాసు నిలిచియుండును. ఎలుక గొట్టమును కొరికినచో తెల్లవారులు అది ఇంటిలోనికి కారును. పొలము గట్టున కాలువ తూము మూసినట్లే మూలముననే కట్టవలెను.

గొట్టము విషయములో పొదుపు పనికిరాదు. లోపల ఉక్కుతీగ అల్లికగల నారింజ రంగు సురక్షా గొట్టమునే డీలరు దగ్గర తీసికొనవలెను. దానిమీద గడువు ముద్రించియుండును. గడువు దాటకుండ మార్చవలెను. పొడవు ఒకటిన్నర మీటరుకు మించరాదు. గొట్టమును గోడలోనుండి గాని, పొయ్యి క్రిందుగ గాని పోనీయరాదు. దానిపై గుడ్డ చుట్టినచో పగుళ్లు కనబడవు.

మంట నీలముగ ఉండవలెను. పచ్చగ వెలుగుచు గిన్నెలకు మసి పట్టుచున్నచో గాలి చాలుట లేదని, లేక బర్నరు పూడినదని గ్రహింపవలెను. అట్టి మంటనుండి విషవాయువు పుట్టును. బర్నరును శుభ్రపరచి, బాగుకానిచో డీలరు మనిషిని పిలిపించవలెను.

వాసన వచ్చినపుడు

ఈ భాగమును ఇంటిలోని పిల్లలచేత కూడ బిగ్గరగ చదివించుడు.

విద్యుత్ స్విచ్చి వేయరాదు, తీయరాదు. తీసినపుడును రవ్వ పుట్టునని చాలమందికి తెలియదు. పంకా వేసి గ్యాసును తరిమెదమనుకొనుట ప్రాణముల మీదికి తెచ్చును. గదిలో ఫోను ముట్టరాదు. మంటలు, దీపములు, అగరువత్తులు, బీడీలు అన్నియు ఆర్పవలెను. పొయ్యి మీటలు, రెగ్యులేటరు కట్టవలెను. తలుపులు, కిటికీలు బార్లా తెరవవలెను. పిల్లలను, ముసలివారిని బయటికి పంపవలెను. మెయిను స్విచ్చి ఇంటి బయట, వాసన లేని చోట ఉన్నచో అచ్చట కట్టవచ్చును.

గ్యాసు నేలనంటి ఉండును గనుక ముఖమెత్తున వాసన తగ్గినంత మాత్రమున పోయినదని నమ్మరాదు. గడప లోపల నిలిచినదానిని బయటికి పంపుటకు చీపురుతో గాని, తడి గోనెతో గాని నేలమట్టమున మెల్లగ విసరవచ్చును. రెగ్యులేటరు తీసిన పిదప కూడ వాల్వునుండి కారుచున్నచో మూత బిగించి, బండను ఇండ్లకు, బావులకు, కాలువలకు దూరముగ ఆరుబయట ఉంచవలెను. తరువాత బయటికి పోయి, దూరమునుండి 1906 నంబరుకు ఫోను చేయవలెను. గ్యాసు కారుటకై ఏర్పరచిన ఈ నంబరు రాత్రింబవళ్లు పనిచేయును. నిప్పు అంటుకొన్నచో 101కి చేయవలెను.

గొట్టము దగ్గర చిన్న మంట పుట్టి, రెగ్యులేటరు అందుబాటులో ఉన్నచో వెంటనే దానిని కట్టవలెను. అందనిచో వీరత్వమునకు పోక అందరును బయటికి రావలెను. మంట పెరిగి బండ వేడెక్కుచున్నచో దాని దరిదాపులకు ఎవ్వరును పోరాదు. మూకుడులోని నూనె అంటుకొన్నపుడు నీళ్లు పోయరాదు. మీట కట్టి మూత పెట్టిన ఆరును.

ఒంటి మీది బట్టలు అంటుకొన్నచో పరుగెత్తరాదు. నేలమీద పడి దొర్లవలెను, లేక మందపు దుప్పటి చుట్టవలెను. కాలిన చోట 20 నిమిషములు చల్లని పారు నీరు పోయవలెను. పసుపు, సిరా, పండ్లపొడి, పేడ పూయరాదు. అంటుకొన్న బట్టను లాగరాదు. 108 బండిని పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను.

వ్యాపారములో వాడువారికి

నేడు రైతు కుటుంబములు పెక్కు ఫలహారశాలలు, బజ్జీల బండ్లు, కోవా తయారీ, పెండ్లి వంటలు చేపట్టి నాలుగు డబ్బులు కూడబెట్టుకొనుచున్నవి. ఇది మెచ్చదగినది. కాని ఇంటి బండను అంగడిలో వాడుట 2000 సంవత్సరపు వంటగ్యాసు సరఫరా ఉత్తరువు ప్రకారము నేరము. వ్యాపారమునకు 19 కిలోల బండలు వేరుగ కలవు. చిన్న వ్యాపారులకు 5 కిలోల బండలు కూడ దొరకును. చవుక అని ఇంటి బండను వాడినచో ప్రమాదము జరిగిననాడు పరిహారము రాక, కేసు మాత్రము మిగులును. పెద్ద బండనుండి చిన్న బండలోనికి గ్యాసు ఎక్కించుట మరింత ప్రమాదకరము.

హోటలులో బండలను వంట జరుగుచోట గాక, బయట నీడ పట్టున, నాలుగు వైపుల గాలి ఆడు జాలీ గదిలో ఉంచవలెను. ఖాళీ బండలను, నిండు బండలను వేరు చేయవలెను. ఖాళీ అనుకొన్న దానిలో కూడ కొంత గ్యాసు మిగిలియుండును గనుక మూత బిగించియే ఉంచవలెను. మొత్తము 100 కిలోలకు మించి నిలువచేయుటకు లైసెన్సు కావలెను. చలికాలములో మంట తగ్గినదని బండను వేడినీటి తొట్టిలో ఉంచుట, ప్రక్కకు వంచుట, దానిక్రింద మంట పెట్టుట కొన్నిచోట్ల చూచుచున్నాము. ఇది ప్రాణములతో చెలగాటము. పొడి రసాయనముగల అగ్నిమాపక సాధనమును ద్వారము వద్ద ఉంచి, పనివారందరికి దాని వాడుక నేర్పవలెను. పెండ్లి పందిళ్లలో వంటపొయ్యి గుడ్డ షామియానా క్రింద ఉండరాదు.

కోళ్ల పెంపకము చేయువారు పిల్లలకు వెచ్చదనము కొరకు గ్యాసు బ్రూడరు వాడుచున్నారు. క్రింద ఊక పరచియుండును. కావున బ్రూడరును గట్టి గొలుసుతో, తయారీదారు చెప్పిన ఎత్తున వ్రేలాడదీయవలెను. గొట్టము మీద బరువు పడరాదు. బండ షెడ్డు బయట ఉండవలెను. చలికని తెరలు పూర్తిగ మూసినచో పిల్లలకు గాలి చాలక, విషవాయువు చేరి చచ్చును. కావలి మనిషి అచ్చటనే పడుకొనునేని అతనికిని అదే ప్రమాదము.

గోబరు గ్యాసు సంగతి

పశువులున్న ఇండ్లలో గోబరు గ్యాసు వాడుచున్నవారికి ఒక హెచ్చరిక. అందులోని మండు వాయువు మీథేను. అది గాలికంటె తేలిక. కావున గోబరు గ్యాసు వాడు గదికి పైభాగమున రంధ్రము ఉండవలెను. రెండును వాడువారు పైనను క్రిందను కూడ పెట్టించుకొనవలెను. ఒకదాని పొయ్యి మరియొకదానికి పనికిరాదు. గోబరు గ్యాసు గుంటను బాగుచేయుటకు ఎవ్వరును ఒంటరిగ లోనికి దిగరాదు. లోపల ఊపిరాడక పడిపోయినవానిని తీయబోయి వెంట దిగినవారు కూడ ప్రాణములు కోల్పోవుట పలుమారులు జరిగినది.

చివరి మాట

చమురు కంపెనీలు తమ వాడుకదారుల కొరకు ప్రమాద బీమా చేసియున్నవి. దీనికై మీరు వేరుగ చెల్లింపనక్కరలేదు. ప్రమాదము జరిగినచో వెంటనే డీలరుకు వ్రాతమూలకముగ తెలిపి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయించవలెను. గ్యాసు పుస్తకము, గొట్టము కొన్న రసీదు జాగ్రత్తగ దాచుకొనుడు.

విత్తనము నాటక ముందు దుక్కి సరిచేసికొనునట్లు, రేపు ఉదయము పొయ్యి వెలిగింపక ముందే మీ వంటగదిని ఒకసారి పరిశీలింపుడు. గొట్టము గడువు చూడుడు. బండ మీది అక్షరము చదువుడు. గోడ అడుగున రంధ్రము లేనిచో మేస్త్రీకి కబురు చేయుడు. 1906 అను అంకెను తలుపు వెనుక సుద్దతో పెద్దగ వ్రాయుడు. ఈ నాలుగు పనులకు ఒక పూట చాలును.